ఎలిమెంటరీ స్కూల్లో పాటల గది ఎలా సర్దుకోవాలి?

బడిలో ఒక గది ఖాళీ అయింది. హెడ్మాస్టరు గారు "మేడమ్, దీన్ని సంగీతానికి వాడుకోండి" అన్నారు. చేతిలో కొద్దిగా డబ్బు, మూలన ఒక పాత హార్మోనియం, ఎదురుగా ముప్పై మంది పిల్లలు. ఇక్కడి నుంచి ఏం చేయాలో చెప్పడానికే ఇది రాస్తున్నాను. తిరుపతి, చంద్రగిరి, పాకాల వైపు బడుల్లో పాట నేర్పుతూ ఇలాంటి గదులు కొన్ని సర్దాను. కుదిరినవీ, చెడగొట్టుకున్నవీ రెండూ చెబుతాను.

మన భాషలో తాళం వేయడం అంటే రెండు పనులు. నేను చూసిన చాలా బడుల్లో వాయిద్యాలు బీరువాలో, బీరువాకు తాళం, తాళంచెవి ఆఫీసు రూములో. పిల్లల చేతుల్లో తాళం పడే రోజు ఆగస్టు 15కు ముందు వారం మాత్రమే. అందుకని ఈ గదిలో ఏది కొన్నా, ఏది ఎక్కడ పెట్టినా ఒక్కటే చూసుకోండి. ఒకటో తరగతి పిల్ల దాన్ని తన చేత్తో తీసి, వాయించి, మళ్లీ అక్కడే పెట్టగలగాలి.

1. ఖాళీ గదిలో చప్పట్లు కొట్టండి

సామాను తేకముందే గది మధ్యలో నిలబడి గట్టిగా ఒక్కసారి చప్పట్లు కొట్టి వినండి. పైన స్లాబు, కింద టైల్స్, నాలుగు వైపులా సిమెంటు గోడలు. మీ చేతులు ఆగినా గది మోగుతూనే ఉంటుంది. ఇలాంటి గదిలో ముప్పై మంది చిడతలు కొడితే ఎవరి దెబ్బ వాళ్లకే వినపడదు. వినపడక ఇంకా గట్టిగా కొడతారు. మీరు ఇంకా గట్టిగా అరుస్తారు. చివరికి మీ గొంతు పోతుంది.

దీనికి ఖరీదైన ప్యానెళ్లు అక్కర్లేదు. పాత చీరలతో కుట్టిన బొంతలు మన ఇళ్లలో ఇంకా ఉన్నాయి. తల్లులను అడిగితే నాలుగైదు వచ్చేస్తాయి. వెనక గోడ పొడవునా దండెం కట్టి వాటిని వేలాడదీయండి. గోడకు ఆనించకుండా మూడు నాలుగు అంగుళాలు ఎడంగా ఉంచితే శబ్దాన్ని ఇంకా బాగా పీల్చుకుంటాయి. కింద జంపఖానా, కిటికీలకు మందంగా ఉండే నూలు పరదాలు. ఇప్పుడు మళ్లీ చప్పట్లు కొట్టండి, తేడా మీ చెవికే తెలుస్తుంది. కోడిగుడ్ల అట్టలు అతికించమని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు. మధ్యాహ్న భోజనం వల్ల అవి బడిలో ఎన్నైనా దొరుకుతాయి కానీ, వద్దు. శబ్దాన్ని పెద్దగా పీల్చవు, బొద్దింకలు చేరతాయి, నిప్పు తొందరగా అంటుకుంటుంది.

గది ఎంచుకునే వీలుంటే వరండా చివరిది అడగండి. వంటగది పక్కది వద్దు. బియ్యం మూటలున్న చోట ఎలుకలుంటాయి, హార్మోనియం తిత్తిని అవి బతకనివ్వవు.

2. జంపఖానా మీద చుక్కలు కుట్టించండి

బెంచీలు బయట పెట్టించేయండి. కింద కూర్చుంటే పిల్లలు తొడ మీద తాళం వేసుకోగలరు, ఒకరినొకరు చూసుకోగలరు. అయితే "గుండ్రంగా కూర్చోండి" అన్నంత మాత్రాన కూర్చోరు. స్నేహితుల పక్కన చోటు కోసం పది నిమిషాలు పోతాయి.

లెక్క చూడండి. బాసింపట్టు వేసుకున్న పిల్లకు రెండడుగుల చోటు కావాలి. ముప్పై మందికి ఒకే వలయం వేస్తే చుట్టుకొలత 60 అడుగులు, అంటే అడ్డంగా 19 అడుగులు. ఇరవై అడుగుల గదిలో గూళ్లకూ, నడవడానికీ చోటుండదు. రెండు వలయాలు వేస్తే సరిపోతుంది. జంపఖానా మధ్యలో తాడు కొసను ఒకరు పట్టుకోండి. 4 అడుగుల దగ్గర సుద్దముక్క పెట్టి లోపలి వలయం, 6 అడుగుల దగ్గర బయటి వలయం గీయండి. లోపల 12 చుక్కలు, బయట 18. ముగ్గు వేసే చేయి ఉన్నవాళ్లకు ఇది పది నిమిషాల పని. ప్రతి చుక్క దగ్గర అరచేతి అంత రంగుగుడ్డ కుట్టించండి. లోపలివి పసుపు, బయటివి ఎరుపు. "పసుపు చుక్కలు పాడండి, ఎర్ర చుక్కలు తాళం వేయండి" అంటే చాలు, తరగతి రెండు జట్లయిపోతుంది. ఎండ లేని రోజున జంపఖానా చుట్టుకుని కానుగ చెట్టు కిందికి పోవచ్చు, గది కూడా మీతో వస్తుంది.

3. వాయిద్యాల కంటే ముందు శ్రుతి

కొనాల్సిన వస్తువుల్లో మొట్టమొదటిది ఒక ఎలక్ట్రానిక్ శ్రుతిపెట్టె. పాటకు ఆధారమైన స్వరాన్ని ఆగకుండా మోగించేది అది. డబ్బు లేకపోతే ఫోనులో ఉచితంగా దొరికే తంబుర యాప్, దానికి ఒక చిన్న స్పీకరు. గదిలోకి పిల్లలు అడుగుపెట్టేటప్పటికి శ్రుతి మోగుతూ ఉండాలి. మాట్లాడుతూ వచ్చిన పిల్లలు దాన్ని విని వాళ్లంతట వాళ్లే తగ్గుతారు. మీరే చూస్తారు.

ఏ శ్రుతి పెట్టాలన్నది ఇంకా ముఖ్యం. మగ టీచర్లు చాలామంది తమకు అలవాటైన 1 శ్రుతిలో పెట్టేస్తారు (అంకె పెరిగేకొద్దీ స్వరం పైకి పోతుంది). ఆ కింది షడ్జం, అంటే స, పిల్లలకు అందదు. కొందరు పై స్థాయికి ఎగబాకుతారు, కొందరు గొణుగుతారు, ఇద్దరు ముగ్గురికి "నీకు గొంతు లేదు" అన్న పేరు వస్తుంది. ఆ పేరు జీవితాంతం పోదు. పదేళ్లలోపు పిల్లలకు, ఆడా మగా తేడా లేకుండా, 4½ నుంచి 5½ శ్రుతి మధ్య హాయిగా ఉంటుంది. ఐదుతో మొదలుపెట్టి పై షడ్జం పాడించండి. మెడనరాలు తేలితే, గడ్డం పైకి లేస్తే అర శ్రుతి తగ్గించండి. కింది షడ్జం గాలిలా వస్తే అర శ్రుతి పెంచండి. ఒకసారి కుదిరాక ఆ అంకెను గోడ మీద రాసి పెట్టండి, వేరే టీచరు వచ్చినా మారకూడదు.

పొద్దున ప్రార్థనలోనూ ఇదే వాడండి. ఎవరో ఒక పిల్ల జాతీయ గీతాన్ని మరీ పైన ఎత్తుకుంటుంది, సగానికి వచ్చేసరికి వంద మంది వంద శ్రుతుల్లో ఉంటారు. 52 సెకన్ల గీతం అది. మొదలుపెట్టే ముందు ఐదు సెకన్లు శ్రుతి వినిపిస్తే బడి అంతా ఒక గొంతుతో పాడుతుంది. రవీంద్రనాథ్ ఠాగూర్ దాన్ని ఇంగ్లీషులోకి మార్చింది 1919లో, మదనపల్లె థియొసాఫికల్ కాలేజీలో ఉన్నప్పుడు. అప్పట్లో ఆ ఊరు చిత్తూరు జిల్లాలోనే ఉండేది. బాణీకి స్వరాలు రాసి పెట్టింది ఆ కాలేజీ ప్రిన్సిపల్ భార్య మార్గరెట్ కజిన్స్. మన రాష్ట్ర గీతం రాసిన శంకరంబాడి సుందరాచారి తిరుపతి మనిషే. ఈ రెండు సంగతులూ పెద్ద అక్షరాలతో ఒక చార్టు మీద రాసి గదిలో తగిలించండి. పాట ఎక్కడో పుట్టి పుస్తకంలోకి వచ్చిందనుకునే పిల్లలకు ఇది మన మట్టిలోదని తెలియాలి.

4. ఏ వరుసలో కొనాలి

చాలామంది ముందు హార్మోనియం కొంటారు. దాంతో డబ్బు అయిపోతుంది, అది టీచరు ఒడిలో ఉంటుంది, పిల్లలు చూస్తూ కూర్చుంటారు. ఒక మంచి హార్మోనియం ధరకు తరగతి మొత్తానికి చేతి వాయిద్యాలు వస్తాయి. ఉన్నది వాడుకోండి, కొత్తది చివర్లో చూద్దాం.

ముందు చిడతలు, పదిహేను జతలు. ఇద్దరికి ఒక జత. ఒకరు వాయిస్తుంటే పక్కవాళ్లు చేత్తో తాళం వేస్తారు, తర్వాత మారతారు. పెద్దవాళ్ల భజన చిడతలు ఆరేళ్ల చేతికి బరువు. అరచేతి కంటే కొంచెం పొడవుంటే చాలు. ఏర్పేడు దగ్గర మాధవమాలలో కొయ్య పనివాళ్లు ఉన్నారు, మీ ఊళ్లో వడ్రంగి ఉంటే ఇంకా మంచిది, కొలత చూపించి చేయించుకోండి. వచ్చాక ప్రతి అంచునూ మీ వేలితో తడిమి, గరుకుగా ఉంటే ఉప్పుకాగితం పట్టించండి.

తర్వాత భజనలో వాయించే చిన్న ఇత్తడి తాళాలు ఆరు జతలు. గోవిందరాజస్వామి గుడి చుట్టుపక్కల పూజా సామాన్ల అంగళ్లలో దొరుకుతాయి. అంగట్లోనే తాడు పట్టుకుని వాయించి చూడండి, మోత తేటగా చాలాసేపు నిలవాలి. డొక్కుగా ఆగిపోతే పగులు ఉన్నట్టు. తాడు ముడి గట్టిగా ఉందా లేదా లాగి చూడండి. ఆ ముడి ఊడితే ఇత్తడి బిళ్ల పక్కవాడి కాలి మీద పడుతుంది. గజ్జెల పట్టీలు ఆరు, తోలుకు బదులు ప్లాస్టిక్ మూత ఉన్న కంజీరలు (చిన్న చేతి డప్పులు) నాలుగు, ఒక డోలక్. అంతే, మొదటి ఏడాదికి ఇది చాలు.

ఊదే వాయిద్యాలు ఉమ్మడిగా కొనవద్దు. ఒకరి పిల్లనగ్రోవి ఇంకొకరు నోట్లో పెట్టుకుంటే జలుబు బడి అంతా తిరుగుతుంది.

రెండో ఏడాది డబ్బు మిగిలితే రెండు గ్లాకెన్‌స్పీల్‌లు తీసుకోండి. లోహపు పట్టీల మీద చిన్న సుత్తితో వాయించేది. పట్టీలు ఊడదీసే రకమే కావాలి. జర్మనీ స్వరకర్త కార్ల్ ఓర్ఫ్ పిల్లల బోధనలో ఇలాంటి వాటినే వాడారు, అక్కర్లేని పట్టీలు తీసేసి పిల్లలకు ఇవ్వడం ఆ పద్ధతిలో ముఖ్యమైన కిటుకు. మన స్వరాలకు ఇది ఎంత అందంగా కుదురుతుందో చూడండి. పట్టీల మీద సి, డి, ఇ, ఎఫ్, జి, ఎ, బి అని అక్షరాలుంటాయి. సి, ఎఫ్ పట్టీలు తీసేయండి. జి మీద స అని చీటీ అతికించండి. అక్కడి నుంచి ఎ రి, బి గ, డి ప, ఇ ద. స రి గ ప ద, అంటే మోహన రాగం, అదీ పిల్లలకు హాయిగా ఉండే 5 శ్రుతిలోనే. మిగిలిన పట్టీల్లో ఏది కొట్టినా అపస్వరం రాదు. ఏడేళ్ల పిల్ల తనకు తోచినట్టు కొట్టుకుంటూ పోతే అది రాగంలానే వినపడుతుంది, ఆ ముఖంలో వెలుగు చూడాల్సిందే. సంగీతంలో మొదట నేర్పే సరళీ స్వరాలు మాత్రం వీటి మీద ప్రయత్నించకండి. అవి ఉండే మాయామాళవగౌళ రాగానికి కావాల్సిన శుద్ధ రిషభం (కింది రి), శుద్ధ ధైవతం (కింది ద) ఈ సాదా పట్టీల్లో ఉండవు. కొనేముందు ఫోనులో ట్యూనర్ యాప్ పెట్టి ప్రతి పట్టీ సరిగ్గా పలుకుతోందో లేదో చూసుకోండి, బొమ్మల అంగట్లో దొరికేవి చాలావరకు తప్పుగా పలుకుతాయి.

5. చేసుకోగలిగినవి

ఖాళీ నీళ్ల బాటిళ్లలో కొన్నింట్లో రాగులు, కొన్నింట్లో చింతగింజలు పోయండి. రాగులవి సరసరలాడతాయి, చింతగింజలవి గలగలమంటాయి. కళ్లు మూసుకుని ఏది ఏదో చెప్పే ఆట ఒకటో తరగతికి భలే ఇష్టం. మూతకు జిగురు పూసి, పైన టేపు చుట్టండి. చిన్నపిల్లలు గింజలు ముక్కులో పెట్టుకుంటారు. పలమనేరు మట్టికుండలు రెండు తెస్తే ఘటం శబ్దం ఎలా ఉంటుందో చెవికి తెలుస్తుంది. పింగాణీ గిన్నెల్లో నీళ్లు పోసి జలతరంగం కూడా చేయవచ్చు, నీళ్లు పెరిగేకొద్దీ స్వరం తగ్గుతుంది.

6. గూళ్లూ, స్టాక్ రిజిస్టరూ

గూడు మూడడుగుల ఎత్తు దాటకూడదు. తలుపులు వద్దు. ప్రతి వస్తువునూ గూట్లో పెట్టి దాని చుట్టూ పెన్సిలుతో గీసి, ఆ ఆకారాన్ని రంగుతో నింపండి. చదవడం రాని పిల్ల కూడా చిడతల నీడలో చిడతలే పెడుతుంది. పీరియడ్ అయ్యాక ఒక్క చూపుతో ఏది తక్కువైందో తెలిసిపోతుంది. తాళాల గూడు ఒక మూల, చిడతలది ఇంకో మూల ఉండాలి. అన్నీ ఒకచోట ఉంటే ముప్పై మంది అక్కడే తోసుకుంటారు.

ఇక తలుపులు లేని గూడంటే హెడ్మాస్టర్లకు వచ్చే టెన్షన్ సంగతి. వస్తువు పోతే, విరిగితే లెక్క చెప్పాల్సింది వాళ్లే కదా. ఆ భయాన్ని తేలిగ్గా కొట్టిపారేయకండి, తాళం పడేది అక్కడే. వస్తువులు రాగానే మీరే కూర్చుని రిజిస్టరు రాయండి. హార్మోనియం, శ్రుతిపెట్టె, డోలక్, గ్లాకెన్‌స్పీల్ శాశ్వత సామాను కింద. చిడతలు, గజ్జెలు, తాళాలు, సుత్తులు, బాటిళ్లు వాడకంలో అరిగే సామాను కింద. స్కూలు కమిటీ సమావేశంలో దీన్ని చదివి వినిపించి, తీర్మానం రాయించి సంతకాలు పెట్టించండి. ఒక బడిలో ఈ ఒక్క పని చేశాక, అప్పటిదాకా మూడేళ్లు బీరువాలో ఉన్న కంజీరలు మరుసటి వారం బయటికొచ్చాయి. లోపల ఒకదాని తోలు పురుగు తినేసి ఉంది. దాచినందుకు మిగిలింది అది.

7. పీరియడ్ ఎలా నడవాలి

గది సర్దుకున్నాక మొదటి వారం వాయిద్యం ఏదీ ఇవ్వకండి. నోటితో, చేతులతోనే నడపండి. మా పిల్లలకు నేను నేర్పే మొదటి లయపాఠం బస్టాండు పాఠం. తకిట అంటే మూడు, దానికి "పాకాల". తకదిమి అంటే నాలుగు, దానికి "తిరుపతి". తకతకిట ఐదు, "పలమనేరు". కండక్టరు పిలిచినట్టు "తిరుపతి తిరుపతి తిరుపతి" అని చప్పట్లతో అనిపించండి, ప్రతి అక్షరం ఒక దెబ్బ. ఎర్ర చుక్కలవాళ్లు "పాకాల" అంటుంటే పసుపు చుక్కలవాళ్లు "తిరుపతి" అందుకుంటే మూడూ నాలుగూ ఏడు, మిశ్ర చాపు అనే ఏడు దెబ్బల తాళం అయిపోయింది. పేరు తర్వాత చెప్పవచ్చు. ఒకసారి మూడో తరగతి పిల్లాడొకడు లేచి "మేడమ్, మా ఊరు కుప్పం, రెండే వస్తున్నాయి" అని బెంగగా అన్నాడు. రెండూ, రెండూ కలిపితే తిరుపతి అని చూపించాను. ఆ రోజంతా వాడు "కుప్పం కుప్పం" అని తొడ మీద కొట్టుకుంటూనే ఉన్నాడు.

వాయిద్యాలు ఇచ్చాక ఒకటే నియమం. మీ చేయి పైకి లేస్తే అన్నీ ఒడిలో నిద్రపోవాలి. దీన్ని మొదటి రోజే ఆటలా పదిసార్లు చేయించండి. 40 నిమిషాల్లో పాటకు సగం, వాయించడానికి పదిహేను నిమిషాలు, తిరిగి గూట్లో పెట్టడానికి ఐదు. ఆ చివరి ఐదు నిమిషాలు ఎప్పుడూ తగ్గించకండి.

8. ఎవరిని పిలవాలి

తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర సంగీత నృత్య కళాశాల ఉంది. గాత్రం, వీణ, వయొలిన్, మృదంగం, నాదస్వరం నేర్చుకునే విద్యార్థులున్న చోటది. ఎవరైనా వచ్చి అరగంట వాయించేలా హెడ్మాస్టరు గారి ద్వారా అడిగించండి. వీణను దగ్గరగా చూసి, తీగ మీద వేలు పెట్టిన పిల్లకు ఆ స్పర్శ గుర్తుండిపోతుంది.

అంతకంటే ముందు మీ ఊరి వాళ్లను పిలవండి. చెక్కభజన గురువు, గొబ్బి పాటలు పాడే అవ్వ, జాతరలో పలక అనే డప్పు కొట్టే పెద్దాయన. అన్నమయ్య కూడా జోల, గొబ్బి, సువ్వి లాంటి జనం బాణీల్లో పాటలు కట్టినవాడే. ఊరి పాటను తక్కువ చేసి సంగీతం నేర్పలేం. పలక వాయించే ఆయన వచ్చిన రోజు వరండాలోనే నిలబడిపోయారు. "లోపలికి రండి పెదనాయనా" అని నేనే వెళ్లి పిలిచి, హెడ్మాస్టరు గారి పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టాం. పిల్లలు "నమస్తే సార్" అన్నారు. ఆయన పలకను ఒళ్లో పెట్టుకుని, తోలు మీద అరచెయ్యి ఆనించి, కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత వాయించారు. వెళ్లేటప్పుడు కవరులో గౌరవ పారితోషికం ఇవ్వండి, దారి ఖర్చులు అనకండి. వీణకు ఎంత మర్యాద చేస్తామో పలకకూ అంతే చేయాలని పిల్లలు నేర్చుకునేది ఈ గదిలోనే.

9. వానకాలం, వేసవి

మనకు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. 2021 నవంబరు వరదలప్పుడు నేను మృదంగాన్ని కింది గూట్లో, గోడకు ఆనించి వదిలేశాను. సెలవుల తర్వాత తలుపు తీస్తే తోలు మూత బూజు పట్టి, సాగిపోయి ఉంది. ఆ తప్పు నాదే. తోలు, కొయ్య వస్తువులు పై అరలో, గోడకు ఒక చెయ్యి ఎడంగా ఉంచండి. కింది అరలో తాళాలు, బాటిళ్లు. తడిసిన తోలును ఎండలో పెట్టకండి, పగులుతుంది. ఫ్యాను గాలికి నీడలో ఆరనివ్వండి. హార్మోనియం మీద మందపు గుడ్డ, పక్కన ఎండు వేపాకు మూట.

ఏప్రిల్లో బడి మూసేముందు శాశ్వత సామానును గుడ్డల్లో చుట్టి లోపల పెట్టండి. దానికి తాళం వేయండి, తప్పు లేదు. చిడతలు, గజ్జెలు మాత్రం పిల్లలకు పేరు రాసుకుని ఇంటికి ఇచ్చి పంపండి. వేసవిలోనే గంగమ్మ జాతర, ఊళ్లలో భారతం, చెక్కభజనలు. మేం పోయినేడు పన్నెండు జతల చిడతలు ఇచ్చాం. జూన్లో పది జతలు వచ్చాయి, వాటితోపాటు మాకు తెలియని రెండు కొత్త అడుగులు కూడా. రాని రెండు జతలనూ అరిగిన సామాను కింద రాసేసి, కమిటీతో సంతకం పెట్టించాం.